ఉయ్యాల నుంచి కోలాటం దాకా: పాటతో మనుషుల్ని దగ్గర చేసే పద్ధతి

"పాపకి పొద్దస్తమానం పాటలు పెడుతూనే ఉన్నాం, అయినా కొత్తవాళ్ల దగ్గరికి పోదు." "మా అపార్ట్‌మెంట్‌లో పాటల బృందం మొదలుపెట్టాం, నెల తిరక్కుండానే ఆగిపోయింది." "మనవడు అమెరికాలో ఉన్నాడు, ఫోన్‌లో పాడితే రెండో నిమిషానికే లేచిపోతున్నాడు." ఇలా అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇళ్లలో పాట మోగుతూనే ఉంటుంది, పాడేవాళ్లే ఉండరు. మనుషుల్ని కలిపేది స్పీకర్‌లోంచి వచ్చే సంగీతం కాదు. ఒకరి లయకి ఇంకొకరు సర్దుకోవడం, వంతు కోసం ఆగడం, మొహం చూస్తూ అందుకోవడం: ఈ మూడింటితోనే పని జరుగుతుంది. ఏ వయసులో వీటిని ఎలా ఏర్పాటు చేయాలో కింద వరసగా ఉంది. మీకు కావలసిన వయసు దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు గానీ, మొదటి భాగం మాత్రం అందరూ చదవాలి.

## 1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

పాట. పసిపిల్లలతో పాడేది స నుంచి ప దాకా, ఐదు స్వరాల లోపే తిరగాలి. పెద్దల బృందానికి ఒక స్థాయి (స నుంచి పై స దాకా) మించకూడదు. ప్రతి పాదం ఒక్క ఊపిరిలో అయిపోవాలి. పాదం చివర మళ్లీ మళ్లీ వచ్చే మాట ఉంటే సగం పని అయిపోయినట్టే. బతుకమ్మ పాటల్లో పాదం చివర "ఉయ్యాలో" అనో "చందమామ" అనో వస్తుంది కదా, పాట ఒక్క ముక్క రాని మనిషి కూడా మొదటి నిమిషంలోనే వలయంలో కలిసిపోగలిగేది ఆ మాట వల్లే. జోల పాటల్లో "జోజో", "లాలీ" చేసే పనీ అదే.

శ్రుతి. ఎక్కువ బృందాలు ఇక్కడే దెబ్బతింటాయి. శ్రుతి అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు, అంకె పెరిగేకొద్దీ పైకి వెళ్తుంది. మామూలుగా ఆడవాళ్లకు నాలుగున్నర నుంచి ఆరు శ్రుతి, మగవాళ్లకు ఒకటి నుంచి రెండు సరిపోతుంది. ఇద్దరూ కలిసి పాడేటప్పుడు ఐదు పెడితే మగవాళ్లు కింద గొణుగుతారు, లేదా పైన అరుస్తారు. ఒకటిన్నర పెడితే ఆడవాళ్లకి అదే గతి. ఒక స్థాయిలోపు తిరిగే పాటైతే మూడు లేదా నాలుగు పెట్టి చూడండి. ఆ శ్రుతి ఎవరికీ పూర్తిగా సుఖంగా ఉండదు, అలాగని ఎవరూ నోరు మూసుకోవాల్సిన పనీ రాదు. పరీక్ష తేలిక: పాట పల్లవితో మొదలుపెట్టకండి. అన్నిటికంటే పైకి వెళ్లే చరణం పాదాన్ని ముందు అందరితో పాడించండి. అది అందితే మిగతాదంతా అందినట్టే. శ్రుతి పెట్టె లేకపోతే ఫోన్‌లో తంబురా యాప్ చాలు.

వేగం. 15 సెకన్లలో ఎన్ని తాళం దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. నిద్రపుచ్చే పాట నిమిషానికి 60 నుంచి 80 దెబ్బల మధ్య ఉండాలి, ఆడించే పాట 100 నుంచి 120. కొత్త బృందంతో కోలాటం 80 దగ్గర మొదలవ్వాలి.

చోటు. టీవీ ఆపాలి. ఫ్యాన్ చప్పుడు ఎక్కువైతే తగ్గించాలి. ఎవరి వీపూ ఇంకొకరికి కనపడకుండా గుండ్రంగా కూర్చోవాలి. వరసల్లో కూర్చోబెడితే అది కచేరీ అయిపోతుంది, ముందున్నవాళ్లు పాడతారు, వెనకవాళ్లు వింటారు.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి:

- ☐ పాటలో మళ్లీ మళ్లీ వచ్చే మాట ఉందా?
- ☐ పై పాదం అందరికీ అందుతోందా?
- ☐ వేగం లెక్కపెట్టారా?
- ☐ ప్రతి మనిషికీ కనీసం ముగ్గురి మొహాలు కనిపిస్తున్నాయా?
- ☐ రికార్డింగ్ లేకుండా పాడగలరా?

## 2. పుట్టిన దగ్గర్నుంచి ఆరు నెలల దాకా: మూడే పాటలు

గర్భంలో ఆరో నెల దాటేసరికే బిడ్డకి శబ్దాలు తెలుస్తాయి. అందుకని పొట్టమీద హెడ్‌ఫోన్లు పెట్టనక్కర్లేదు, తల్లి గొంతు ఎలాగూ లోపలికి వెళ్తుంది.

అడుగు 1. మూడు పాటలు ఎంచుకోండి: నిద్రకొకటి, స్నానానికొకటి, ఊరికే మొహం చూసుకుంటూ పాడుకోవడానికొకటి. ముప్పై పాటలు ఒక్కోసారి పాడేకంటే మూడు పాటలు నెలల తరబడి పాడటం మేలు. ఏ పాట వస్తే ఏం జరగబోతోందో బిడ్డకి తెలియాలి.

అడుగు 2. అవే మూడు పాటలు ఇంట్లో అందరూ నేర్చుకోవాలి. నాన్న, అమ్మమ్మ, తాతయ్య, పగలు చూసుకునే ఆయా కూడా. 2016లో హార్వర్డ్ పరిశోధకులు ఐదు నెలల పిల్లల మీద చేసిన పరీక్షలో, తల్లిదండ్రులు ఒకటి రెండు వారాలు ఇంట్లో పాడిన పాటనే కొత్త మనిషి పాడితే పిల్లలు ఆ మనిషి వైపు ఎక్కువసేపు చూశారు. అదే పాటని బొమ్మ ద్వారా విన్న పిల్లల్లో ఆ ఇష్టం కనిపించలేదు. అంటే "ఈమె మనవాళ్ల మనిషి" అని బిడ్డకి గుర్తుపట్టించేది ఇంట్లోవాళ్ల నోటి నుంచి విన్న పాట. ఉద్యోగంలో చేరబోయే తల్లులు ఆయాకి పాట ముందే నేర్పిపెట్టడం మంచిది, కనీసం రెండు వారాల ముందు.

అడుగు 3. బిడ్డ మొహానికీ మీ మొహానికీ మధ్య జానెడు, మహా అయితే జానెడున్నర దూరం ఉండాలి. ఒక పాదం పాడి ఆగండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. ఆ ఖాళీలో కాలు ఆడిస్తుంది, "ఊ" అంటుంది, కళ్లు పెద్దవి చేస్తుంది. అది ఆమె వంతు. దానికి మీరు నవ్వి, తర్వాతి పాదం అందుకోండి. ఖాళీ ఇవ్వకుండా పాట మొత్తం ఏకబిగిన పాడేయడం ఈ వయసులో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు.

అడుగు 4. మొహం తిప్పుకుంటే, ఆవలిస్తే, వీపు విల్లులా వంచితే ఆపేయండి. అది పాట బాగోలేదని కాదు, ఇక చాలని.

ఉయ్యాల సంగతి ఒకటి చెప్పాలి. చీర ఉయ్యాలైనా, గొలుసుల ఉయ్యాలైనా దాని ఊపు వేగం తాడు పొడవుని బట్టి ఉంటుంది. కొంచెం గట్టిగా ఊపితే దూరం పెరుగుతుంది గానీ వేగం దాదాపు మారదు. వేలాడే పొడవు మీటరున్నర ఉంటే ఒక పోక, ఒక రాక కలిపి రెండున్నర సెకన్లు పడుతుంది. కాబట్టి పాటే ఉయ్యాలకి సర్దుకోవాలి. ఉయ్యాల చివరికి వెళ్లి ఆగే క్షణంలో పాదంలోని ఊనిక పడేట్టు పాడండి. పాట ఒకలా, ఊపు ఒకలా ఉంటే నిద్రపట్టే బిడ్డ కూడా కళ్లు తెరిచి చూస్తుంది. నిద్రపోయాక బల్లపరుపుగా ఉన్న పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి.

బిడ్డ చికాకు పడకుండా ఉంచడానికి మాటలకంటే పాట ఎక్కువసేపు పనిచేస్తుంది. మాంట్రియల్‌లో ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలకి వాళ్లెప్పుడూ వినని టర్కీ భాషలో పాట వినిపిస్తే సుమారు తొమ్మిది నిమిషాలు చికాకు పడకుండా ఉన్నారు, మాటలకైతే నాలుగు నిమిషాలే. కాబట్టి కోడలు కన్నడంలో పాడినా, అల్లుడు హిందీలో పాడినా బిడ్డకి అభ్యంతరం లేదు. అభ్యంతరం ఉంటే పెద్దవాళ్లకే.

చెవి పరీక్ష. పెద్ద చప్పుడుకి ఉలిక్కిపడకపోయినా, మూడు నాలుగు నెలలు వచ్చినా గొంతు వైపు తిరగకపోయినా పాట మార్చి చూస్తూ కూర్చోకండి. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, తేడా ఉంటే మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స మొదలవ్వాలన్నది వైద్యుల లెక్క. వినికిడి తక్కువున్న బిడ్డని ఛాతీకి ఆనించుకుని పాడండి, ఒంటి అదురు తెలుస్తుంది.

వద్దు: తల పక్కన ఫోన్ పెట్టి జోల పాట వినిపించడం. చప్పుడు చేసే యంత్రాలేవైనా పక్క నుంచి కనీసం 2 మీటర్ల దూరంలో, తక్కువ శబ్దంలో, నిద్ర పట్టేదాకా మాత్రమే.

## 3. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా: ఎత్తుకుని ఊగడం

ఈ వయసు పిల్లలు పాట వింటే ఊగుతారు గానీ తాళానికి సరిగ్గా ఊగలేరు. వాళ్ల తరఫున ఆ పని మన ఒళ్లు చేయాలి.

2014లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 14 నెలల పిల్లల్ని ఎత్తుకుని పాటకి ఊపారు. ఎదురుగా ఇంకో మనిషి కొందరి విషయంలో అదే లయకి ఊగింది, కొందరి విషయంలో లయ తప్పి ఊగింది. తర్వాత ఆ మనిషి చేతిలో వస్తువులు జారవిడిస్తే, తమతో కలిసి ఊగినప్పుడు పిల్లలు ఎక్కువగా తీసి ఇచ్చారు. కొత్త చుట్టాన్ని చూసి ఏడ్చే పిల్లకి దీన్ని ఇలా వాడుకోవచ్చు:

1. "అత్త దగ్గరికి వెళ్లు" అని చేతులు మార్చకండి. బిడ్డని మీరే ఎత్తుకోండి, మొహం బయటికి తిప్పి.
2. ఆమెని నాలుగడుగుల దూరంలో ఎదురుగా నిలబెట్టండి.
3. బిడ్డకి తెలిసిన పాట ఇద్దరూ పాడండి. మోకాళ్లు వంచుతూ ఒకే దెబ్బకి కిందికి దిగండి. ఆమె మిమ్మల్ని చూసి దిగాలి, పాటని విని కాదు.
4. రెండు మూడు నిమిషాలు ఇలాగే. మధ్యలో "ఏదీ, నవ్వు నవ్వు" అని బతిమాలకండి.
5. పాట అయ్యాక ఆమె ఒక బొమ్మ అందించాలి, లేదా బిడ్డ దగ్గర్నుంచి అడగాలి. ఎత్తుకోవడం ఆ తర్వాత సంగతి.

ఒక్కసారికి కుదరకపోతే స్నానమూ నిద్రా అయ్యాక మళ్లీ ప్రయత్నించండి. ఆకలి మీదున్న బిడ్డ దగ్గర ఏ లయా పనిచేయదు.

ఏడాది దాటాక కాళ్లు బారచాపి లెక్కపెట్టే ఆటలు, చేతులు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగే ఆటలు మొదలుపెట్టండి. చివరి మాట మీరు అనకుండా ఆపేయండి. మొదట్లో కళ్లతో అడుగుతుంది, ఏడాదిన్నర వచ్చేసరికి ఆ మాట తనే అంటుంది.

## 4. రెండు నుంచి ఐదేళ్లు: వంతు నేర్పే వయసు

ఈ వయసులో చాలా ఇళ్లలో ట్యాబ్ వస్తుంది, పాడటం ఆగిపోతుంది. జర్మనీలోని లైప్‌జిగ్ మాక్స్ ప్లాంక్ సంస్థలో చేసిన పరీక్షల్లో రెండున్నరేళ్ల పిల్లలు కూడా యంత్రంతో కంటే మనిషితో కలిసి డోలు కొట్టినప్పుడు తాళం బాగా కలిపారు. అక్కడే, నాలుగేళ్ల పిల్లలు జంటగా పాడి ఆడాక ఒకరికొకరు ఎక్కువగా సాయం చేసుకున్నారని 2010లో తేలింది. ట్యాబ్‌తో రాని పని అది.

కావలసినవి: ఒకే రకం స్టీలు పళ్లాలు రెండు, ఒకే రకం చెక్క గరిటెలు రెండు. ఒకే రకం అని ఊరికే అనలేదు. ఒక డప్పు, ఒక గరిటె తెస్తే పాట ఉండదు, పోట్లాట ఉంటుంది.

క్రమం:

1. పిల్లవాడిని ముందు తన ఇష్టానికి కొట్టనివ్వండి. 10 సెకన్లలో దెబ్బలు లెక్కపెట్టండి. ఇంత చిన్న పిల్లల సహజ వేగం పెద్దవాళ్లకంటే చాలా ఎక్కువ. నిమిషానికి 120 నుంచి 150 దాకా ఉంటుంది.
2. మీరు వాడి వేగానికి వెళ్లండి. ఒక నిమిషం పాటు పూర్తిగా వాడితో కలవండి.
3. ఇప్పుడు కొంచెం తగ్గించండి. చూస్తున్నాడంటే తగ్గుతాడు. తగ్గకపోతే మళ్లీ వాడి దగ్గరికే వెళ్లండి.
4. వంతు ఆట: మీరు నాలుగు దెబ్బలు, వాడు నాలుగు దెబ్బలు. వాడి వంతులో మీ గరిటె ఒళ్లో పెట్టుకోండి. గాల్లో పట్టుకుని ఉంటే వాడు ఆగడు.
5. ఆగు ఆట: పాట మధ్యలో ఉన్నట్టుండి ఆపండి. ఇద్దరూ బొమ్మల్లా నిలబడాలి. ఈసారి ఆపే అధికారం వాడికివ్వండి. ఆగడం నేర్చిన పిల్లవాడికి ఆటస్థలంలో వంతు కోసం నిలబడటమూ తేలికవుతుంది.

అక్కాతమ్ముళ్లకి పోట్లాట ఎక్కువైనప్పుడు ఎదురెదురుగా కూర్చోబెట్టి చప్పట్ల ఆట ఆడించండి, ఐదు నిమిషాలు చాలు. పోట్లాట మధ్యలో మాత్రం వద్దు, ఇద్దరూ చల్లారాక.

మొత్తం పది నిమిషాలు మించనివ్వకండి. రోజూ పది నిమిషాలు, ఆదివారం గంటసేపటి కంటే మేలు.

## 5. బడి వయసు

ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు సరైన సంఖ్య. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప లాంటివి జంటల ఆటలు కాబట్టి బేసి సంఖ్య వస్తే ఒకరు మిగిలిపోతారు. ఆ మిగిలిన పిల్ల ఎప్పుడూ కొత్తగా చేరిన పిల్లే అవుతుంది. ముందే లెక్క చూసుకుని, బేసి వస్తే తాళం వేసే పని ఒకటి పెట్టి వంతులవారీగా మార్చండి.

"నీ గొంతు కలవట్లేదు, నువ్వు నోరు కదుపు చాలు" అన్నమాట ఏ పిల్లతోనూ అనకూడదు. ఆ పిల్ల పెద్దయ్యాక కూడా నలుగురిలో నోరు తెరవదు. శ్రుతి కలవని పిల్లకి చేయాల్సింది వేరే ఉంది:

- ముందు ఆమె ఏ స్వరం పాడుతోందో అక్కడికి మీరు వెళ్లండి. ఇద్దరూ ఒకే స్వరంలో ఉండటం ఎలా ఉంటుందో ఆమె చెవికి తెలియాలి.
- అక్కడి నుంచి మెల్లగా ఒక్కో స్వరం పైకి జరగండి. అంబులెన్స్ కూతలా గొంతు పైకీ కిందికీ జార్చే ఆట ఆడించండి. గొంతు కదులుతుందని తెలియకే చాలామంది ఒకే చోట ఉండిపోతారు.
- శ్రుతి బాగా కలిసే పిల్ల పక్కన కూర్చోబెట్టండి, ఎదురుగా కాదు.

పోటీలు ఈ వయసులో గొంతుకి మంచివేమో గానీ స్నేహాలకి కావు. వార్షికోత్సవానికి ఒకరిచేత ఒంటరిగా పాడించి, పాతికమంది చేత వెనక చేతులు ఊపించేకంటే పాదం పాదం పంచడం మేలు. ప్రతి నలుగురికీ ఒక పాదం ఇవ్వండి. తమ పాదం వచ్చేదాకా పక్కవాళ్లది వినక తప్పదు.

## 6. పదమూడు నుంచి పంతొమ్మిది

ఇక్కడ పెద్దవాళ్లు చేయగలిగింది తక్కువ, చెడగొట్టగలిగింది ఎక్కువ.

వాళ్ల పాటల మీద వ్యాఖ్యానం వద్దు. కారులో వెళ్లేటప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో పాట వంతు పెట్టండి. ఎవరి పాటైనా పూర్తయ్యేదాకా మార్చకూడదన్న ఒక్క నియమం పెట్టి, దాన్ని ముందు మీరు పాటించండి.

మగపిల్లలకి పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య గొంతు మారుతుంది. ఆ ఏడాది రెండేళ్లు పాడమని బలవంతం చేయకుండా కంజీరా, డప్పు, తాళాలు చేతికివ్వండి. బృందంలోంచి వెళ్లిపోకుండా ఉండటమే ముఖ్యం. గొంతు కుదురుకున్నాక వాడే అందుకుంటాడు.

ఇయర్‌ఫోన్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు: పెద్దలకి వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్, పిల్లలకి అన్ని గంటలూ 75. ఫోన్‌లో శబ్దం 60 శాతం దాటనివ్వకపోతే చాలావరకు సరిపోతుంది.

## 7. పెద్దవాళ్లు: కొత్త బృందం నిలబెట్టడం

ఇంగ్లండ్‌లో వయోజనుల తరగతుల్ని ఏడు నెలలు గమనించిన ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో చెప్పిన సంగతి ఇక్కడ పనికొస్తుంది. పాటల తరగతిలో చేరినవాళ్లు చేతిపనులు, రచన నేర్చుకునేవాళ్లకంటే త్వరగా దగ్గరయ్యారు. ఏడు నెలలు గడిచేసరికి మాత్రం అందరూ ఒకే స్థాయికి వచ్చారు. అంటే పాట ఇచ్చేది మొదటి ఊపు. అందుకే కాలనీ సమావేశంలో పాటని చివర "సాంస్కృతిక కార్యక్రమం"గా పెట్టకండి, మొదట్లో పెట్టండి. ఆ తర్వాత చర్చలు కాస్త సాఫీగా సాగుతాయి.

మనుషులు: పది నుంచి పదహారు. ఇరవై లోపు మైకు వద్దు. మైకు వచ్చిందంటే ఒకరు పాడతారు, మిగతావాళ్లు సర్దుకుని కూర్చుంటారు.

కాలం: వారానికొకసారి, ఒకే రోజు, ఒకే వేళ. "ఆరు వారాలు చూద్దాం" అని ముందే చెప్పండి. ఎప్పటికీ అంటే ఎవరూ మాటివ్వరు, ఆరు వారాలంటే ఇస్తారు.

పాట ఎంపికలో జాగ్రత్త. భజనలతోనే మొదలుపెడితే పక్క ఫ్లాటులో ఉన్న వేరే మతంవాళ్లు రారు, పిలిచినా మొహమాటానికి ఒకసారి వచ్చి వెళ్తారు. నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, లాలి పాటలు అందరివీ. ప్రతివారం ఒకరి ఇంటి లాలి పాట, వాళ్ల భాషలో, వాళ్ల యాసలో నేర్చుకోండి. శ్రీకాకుళం వాళ్ల పాటని నిజామాబాద్ వాళ్లు సరిదిద్దకూడదన్నది నియమంగా పెట్టుకోవచ్చు.

ఒక గంట ఇలా:

- 0–5 నిమిషాలు: తంబురా పెట్టి ఉంచండి. వచ్చినవాళ్లు వచ్చినట్టు కూర్చుని గొంతు కలుపుతారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకి ఇబ్బంది ఉండదు.
- 5–12: చప్పట్లు. ఆది తాళం వచ్చినవాళ్లుంటే ఎనిమిది అక్షరాలు (నాలుగు, రెండు, రెండు), లేకపోతే మామూలు నాలుగు దెబ్బలు.
- 12–30: ఒకే ఒక్క పాట, ఎత్తేవారు (ముందు పాడేవారు) ఒకరు, అందుకునేవాళ్లు (వెంట పాడేవాళ్లు) మిగతా అందరూ. అందుకునే మాట నోటికి వచ్చేదాకా కాగితాలు పంచకండి. కాగితం చేతిలో పడగానే తలలు వంగుతాయి, మొహాలు మాయమవుతాయి.
- 30–45: కోలాటం.
- 45–55: అందరికీ ముందే వచ్చిన పాట.
- ఆ తర్వాత: టీ. దీన్ని ఎగ్గొట్టకండి. పాటతో కలిగిన చనువు మాటగా మారేది ఇక్కడే.

కోలాటం ఏర్పాటు. కోలలు పన్నెండు పద్నాలుగు అంగుళాలు ఉండాలి. పిల్లలకి తొమ్మిది పది చాలు. చివరలు గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయండి, చెక్క పేడులు కళ్ల దాకా ఎగురుతాయి. కోల చివర్న కాకుండా మూడో వంతు దగ్గర పట్టుకోవాలి.

పదహారు మంది అయితే లోపల ఎనిమిది, బయట ఎనిమిది, ఎదురెదురుగా నిలబడాలి. తేలికైన వరస: ఒకటికి మీ కోలలు మీరు తాకించుకోండి, రెండుకి ఎదుటివారి కుడి కోల, మూడుకి మళ్లీ మీవే, నాలుగుకి ఎదుటివారి ఎడమ కోల. ఈ నాలుగు దెబ్బల వరస ఒకసారి పూర్తయితే ఒక ఆవృతం. నాలుగు ఆవృతాలయ్యాక బయటి వలయం మాత్రమే ఒక మనిషి కుడికి జరగాలి. రెండు వలయాలూ జరిగితే జంటలు తప్పిపోతాయి. నిమిషానికి 80 దెబ్బల వేగంలో ఒక్కో జంటకి 12 సెకన్లు, ఎనిమిది జంటలూ తిరిగేసరికి నిమిషం 36 సెకన్లు. అంతలో బయటి మనిషి లోపలి ఎనిమిది మంది మొహాలూ చూసి, కోల కలిపేస్తుంది. తర్వాతి విడతలో సగం సగం స్థానాలు మార్చండి, లోపలివాళ్లు లోపలివాళ్లనీ కలుస్తారు.

జడ కోలాటం జోలికి మొదటి ఆరు వారాలూ వెళ్లకండి. అల్లిన తాళ్లు విప్పడం రాక మొత్తం ఆగిపోతుంది.

పనులు పంచడం: ఎత్తేవారు, తాళం వేసేవారు, చోటూ టీ చూసేవారు. మూడో వారం నుంచి ఎత్తేవారు మారాలి. ఎంత బాగా పాడేవారైనా ఒకరే ఎత్తుతుంటే అది ఆయన బృందమవుతుంది, ఆయన ఊరెళ్లిన వారం ఎవరూ రారు.

వయసు మీదపడ్డవాళ్లు: కుర్చీ వలయంలోనే వేయండి, గోడ పక్కన కాదు. శ్రుతి అర తగ్గించండి. వినికిడి యంత్రం ఉన్నవాళ్లకి తాళాల మోత చెవిలో గుచ్చుకుంటుంది, తాళాలకి ఎదురుగా కూర్చోబెట్టకండి.

## 8. వీడియో కాల్‌లో తాతయ్య, మనవరాలు

ఇద్దరూ ఒకేసారి పాడటం కుదరదు. కలిసి వాయించేవాళ్ల మధ్య ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటితేనే లయ జారడం మొదలవుతుంది, దేశాలు దాటే కాల్‌లో అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. ఇంటర్నెట్ మార్చినా లాభం లేదు. పద్ధతి మార్చాలి.

1. తాతయ్య ఒక పాదం పాడి ఆపాలి. పిల్ల తర్వాతి పాదం పాడాలి. ఎవరి వంతులో వాళ్లే.
2. లేదా పిల్ల ఫోన్ మ్యూట్‌లో పెట్టి తాతయ్యతో కలిసి పాడాలి. ఆమెకి కలిసినట్టే ఉంటుంది, ఆయన పెదాల కదలిక చూస్తాడు.
3. రోజూ ఒకే పాటతో కాల్ మొదలవ్వాలి, ఒకే పాటతో ముగియాలి. మధ్యలో ఐదు నిమిషాలు చాలు.
4. అదే పాట అక్కడ అమ్మానాన్నలు కూడా పాడాలి. వాళ్లు పాడకపోతే ఆ పాట ఫోన్‌లోని మనిషిదిగానే ఉండిపోతుంది.
5. పిల్ల సెలవులకి వచ్చినప్పుడు విమానాశ్రయంలో ముద్దుల కంటే ముందు తాతయ్యని ఆ పాట మొదటి పాదం అనమనండి. రెండో పాదం ఎటునుంచి వస్తుందో చూడండి.

## 9. తప్పు ఎక్కడ, సవరణ ఎలా

కోలాటం పరుగెడుతోంది. ప్రతివాళ్లూ ముందు దెబ్బ విని తొందరపడుతున్నారు. కోలలు కింద పెట్టించి నాలుగు ఆవృతాలు అడుగులు మాత్రమే వేయించండి. తాళం వేసే మనిషిని మధ్యలో నిలబెట్టండి.

పెద్ద వలయంలో పాట ఈడుస్తోంది. శబ్దం పది మీటర్లు వెళ్లడానికి దాదాపు 30 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అవతలివాళ్లు విని అందుకుంటే ఆలస్యమే. చెవితో కాదు, ఎత్తేవారి చేతిని చూసి అందుకోమనండి. వలయం మరీ పెద్దదైతే ఎత్తేవాళ్లని ఇద్దరిని ఎదురెదురుగా పెట్టండి, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవాలి.

పాప పాట వినగానే చెవులు మూసుకుంటోంది. ముందు శబ్దం తగ్గించండి. రికార్డింగ్ ఆపి గొంతుతో, గుసగుసలా పాడండి. పదేపదే అలాగే చేస్తే పిల్లల డాక్టర్‌కి చెప్పండి.

మగవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడుతున్నారు. పాడమని పిలవకండి. తాళాలు చేతిలో పెట్టండి. రెండో వారం కూర్చుంటారు, నాలుగో వారం అందుకుంటారు.

పక్కింటివాళ్ల ఫిర్యాదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ నిషేధం. ఫిర్యాదు చేసినాయన్ని వచ్చేవారం పిలవండి, పాడటానికి కాకపోయినా టీకి.

ఒకరు రావడం మానేశారు. గ్రూపులో అందరి ముందూ అడగకండి. వాళ్ల పక్కన కూర్చునే మనిషే ఫోన్ చేయాలి. "ఎందుకు రాలేదు?" అని కాకుండా, "ఈ వారం మీ ఇంటి పాట నేర్చుకుందామనుకున్నాం, రెండో చరణం ఎలా ఉంటుంది?" అని అడగాలి.